మైనస్ ముప్ఫైని ఓర్చుకునే చెట్లు

మార్చి 8, శనివారం

ఈ పుస్తకం తోట గురించి మాత్రమే. ముందే రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే అసలు సంగతి వదిలేసి పక్కదారి పట్టడం నా అలవాటని మా ఆవిడ చాముండేశ్వరి అంటుంది. పెరట్లో పళ్ళచెట్లు వేసేవాళ్ళు ఏది ఎప్పుడు వేశారో, ఏది బతికిందో, ఏది పోయిందో రాసుకోవాలని ఎక్కడో చదివాను. తెలుగులో రాస్తే మా అమ్మాయి హాసిని చదవలేదు. చాముండి చదవగలదు గానీ, నా చేతిరాత మీద పెళ్ళయిన ఏడాదే ఆశ వదిలేసుకుంది.

మాది మినసోటా. బయట ఇంకా మోకాలి లోతు మంచు. ఇక్కడ చెట్టుకైనా మనిషికైనా ఒకటే పరీక్ష, జనవరిలో వచ్చే మైనస్ ముప్ఫై. ఎంత చలిని ఓర్చుకుంటుందో మొక్కకి కట్టిన అట్టముక్క మీద జోన్ నంబరు వేసి ఉంటుంది, నాలుగంటే బతుకుతుంది. జోన్ అయిదంటే దేవుడి దయ. జోన్ ఆరు కొనుక్కొచ్చి నాటేవాణ్ణి చెట్టు పెంచేవాడు అనకూడదు, అంత్యక్రియలు చేసేవాడు అనాలి.

ఇవాళ ఇంకో సంగతి కూడా జరిగింది. చాముండికి అరిజోనాలోని చాండ్లర్‌లో ఉద్యోగం వచ్చింది. కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీలో డైరెక్టర్. ఆగస్టులో చేరాలి. ఇది తోట పుస్తకం కాబట్టి ఇక్కడ ఆపుతున్నాను.

మార్చి 9, ఆదివారం

కాఫీ దగ్గర చాముండి అంది: "ఆఫర్ యాక్సెప్ట్ చేశాను. నువ్వు వస్తావా?"

'వెళ్దామా' అనలేదు. 'చేయనా' అనలేదు. చేసేసి, నువ్వు వస్తావా అంటోంది, సినిమాకి వస్తావా అన్నట్టు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇలాంటి వాక్యం నేను వినలేదు. అన్నానేమో గుర్తులేదు.

"నా జాబ్ ఇక్కడ కదా," అన్నాను.

"రిమోట్ అడుగు. మీ టీమ్‌లో సగం మంది పజామాల్లోనే కదా మీటింగులు చేసేది."

అడుగుతానన్నాను. తర్వాత, ఈ ఏడాది పెరట్లో పళ్ళచెట్లు వేద్దామనుకుంటున్నానని చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టి నన్ను చాలాసేపు చూసింది. పదకొండేళ్ళుగా ఆ పెరట్లో నేను వేసింది ఒక్క కుర్చీ. అది కూడా మడతపెట్టేది.

మార్చి 15, శనివారం

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నేను ప్లమ్ పచ్చడికి ఆవపిండి ఎంత పడుతుందో లెక్క చూశాను.

స్ప్రెడ్‌షీట్ మొదలెట్టాను. పద్నాలుగు రకాలు. గడులు ఇవీ: చలికి ఓర్పు, కాపుకి ఎన్నేళ్ళు, ఒకచోట నుంచి ఇంకోచోటికి మారిస్తే తట్టుకుంటుందా, చాకిరీ, రుచి. ఒక్కోదానికి మార్కులు, మార్కుల్ని బట్టి ర్యాంకు. గుంటూరులో కోచింగ్ చదువుకున్నవాడు చెట్టుకైనా ర్యాంకు వేయకుండా ఇంట్లోకి రానివ్వడు. నా ఎంసెట్ ర్యాంకు నాలుగొందల పన్నెండు. ఇది తోటకి సంబంధించింది కాదు గానీ నిజం.

మొదటి ర్యాంకు పియర్. రెండు ఆపిల్. మూడు ప్లమ్. పొదల్లో ప్రథమం హస్కాప్ అనే నీలం పళ్ళ పొద. అది మంచులో నిలబడి నవ్వుతుందట.

మార్చి 22, శనివారం

చాముండి నా భుజం మీంచి షీట్ చూసింది. ఆవిడ ఉద్యోగమే అది. వెయ్యి చిప్పుల్లో ఏది ఎందుకు పాడైందో అంకెలు చూసి చెప్పేస్తుంది.

"కాపుకి ఎన్నేళ్ళు అన్న దగ్గర ఎక్కువ ఏళ్ళకి ఎక్కువ మార్కులు వేశావేంటి? పియర్ ఎనిమిదేళ్ళకి కాస్తుందట, దానికి పదికి పది. హస్కాప్ రెండేళ్ళకే కాస్తే దానికి రెండు. ఫార్ములా తిరగేసి రాశావు."

"తిరగేయలేదు. నెమ్మదిగా కాసేది గట్టిది."

"ఓహో," అంది.

ఆ ఓహోలో ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది. నేను ఫార్ములా మార్చలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నవాడి ఇంటిపేరు ఎవరూ అడగలేదు గానీ, అడిగితే మా ఇంటిపేరే వచ్చేదని చాముండి ఫోన్‌లో హాసినితో అంటుంటే విన్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

మేనేజర్ దగ్గర్నుంచి మెయిల్. రిమోట్ అప్రూవ్ అయింది, ఏ రాష్ట్రం నుంచైనా పని చేసుకోవచ్చట. ఇది తోట పుస్తకం.

ఏప్రిల్ 6, ఆదివారం

"మీ మేనేజర్ ఏమన్నాడు?" అని చాముండి అడిగింది.

"ఇంకా ఏం చెప్పలేదు," అన్నాను.

అబద్ధం కాదు. శుక్రవారం తర్వాత ఆయన నాతో ఏమీ చెప్పలేదు.

ఏప్రిల్ 12, శనివారం

నర్సరీకి వెళ్ళాను. నడిపేది క్యారల్ అనే ఆవిడ, డెబ్భై దాటి ఉంటాయి. గోళ్ళలో మట్టి, మాటలో మొహమాటం లేకపోవడం. నా షీట్ ప్రింట్ తీసుకెళ్ళి చూపించాను. కళ్ళద్దాలు పైకి తోసి చదివి, ఇంత కష్టపడి ఎవరూ మొక్కలు కొనరని అంది. పొగడ్త అనుకున్నాను.

ఆపిల్‌కి చలి కావాలని కూడా చెప్పింది. శీతాకాలంలో కొన్ని వందల గంటలు చల్లగా నిద్రపోతే తప్ప వసంతంలో పువ్వు పూయదట. ఎంత గొప్ప మాట! ఇంటికి రాగానే చాముండికి చెప్పాను. ఎండలో ఊరికే పెరిగేది వేరు, చలిలో ఓర్చుకుని కాసేది వేరు అన్నాను. చాండ్లర్ అన్న పేరు నేను ఎత్తలేదు.

"నేనూ పదకొండేళ్ళు చల్లగానే ఉన్నాను కదా, పద్మనాభం," అంది ఆవిడ, గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దుతూ. కోపం వస్తే పూర్తి పేరు పెట్టి పిలుస్తుంది. మామూలప్పుడు ఏమండీ కూడా ఉండదు, 'ఇదిగో' అంతే.

పియర్, ఆపిల్ ఒక్కోటి, ప్లమ్ రెండు కొన్నాను. రెండూ ఒకటే రకం. ప్లమ్‌లలో మొదటి ర్యాంకు ఉండగా రెండో ర్యాంకు వాణ్ణి ఇంటికి తెచ్చుకునేవాడు మా వైపు ఉండడు. హస్కాప్ కూడా అంతే, రెండు, ఒకటే రకం.

మే 3, శనివారం

తవ్వే ముందు ఒక నంబరుకి ఫోన్ చేయాలి. వాళ్ళొచ్చి భూమిలో గ్యాస్ పైపు ఎక్కడుందో, కరెంటు తీగ ఎక్కడుందో చూసి రంగురంగుల జెండాలు పాతి వెళ్తారు. జెండా ఉన్నచోట గునపం వేయకూడదు. ఇంట్లో కూడా ఇలాంటి సౌకర్యం ఉంటే ఎంత బాగుండేది.

మే 10, శనివారం

చెట్లు నాటాం. నాకు సాయం మా టీమ్‌లో పనిచేసే జితేందర్. కరీంనగర్ మనిషి, పారతో పని చేస్తాడు, నోటితో కూడా పారలాగే పని చేస్తాడు. మధ్యాహ్నానికి పియర్, ఆపిల్, రెండు ప్లమ్‌లు, రెండు పొదలు నేలలోకి వెళ్ళాయి. చాముండి పులిహోర, పెరుగు, ఆవకాయ బయటికే తెచ్చి పెట్టింది. కాసేపు అందరం సంతోషంగానే ఉన్నాం. నిజంగా.

జితేందర్ చేతులు కడుక్కుంటూ అన్నాడు:

"వదినా, కంగ్రాట్స్. డైరెక్టర్ అంటే మాటలా! మరి అన్నకి రిమోట్ గూడ వచ్చె, నెల దాటిపాయె. చాండ్లర్‌ల ఇల్లు చూసిన్రా? గీ చెట్లన్నీ ఎవలికోసం నాటుతున్నరు మల్ల?"

జెండాలు పాతని చోట గునపం దిగింది.

చాముండి నా వైపు చూడలేదు. అతనికి ఇంకో గరిటె పులిహోర వేసింది. "తినండి జితేందర్ గారూ, బాగా అలిసిపోయారు," అంది. అతను పాపం బాగా తిన్నాడు. మిగిలిన ఆవకాయ సీసాలో పోసి ఇచ్చి పంపింది.

అతను వెళ్ళాక కుర్చీలో కూర్చుంది. నేను నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడ్డాను.

"ఎప్పుడొచ్చింది?"

"ఏప్రిల్ నాలుగు."

"ఇవాళ మే పది."

"చెబుదామనే..."

"హెర్న్‌డన్‌లో ఆరేళ్ళు, అమెరికా వచ్చిన కొత్తలో నా డిగ్రీ అటకెక్కించి, నీ వీసా మీద డిపెండెంట్‌గా కూర్చున్నాను. అక్కణ్ణుంచి బాతెల్ వెళ్తే మంచి జాబ్ వచ్చింది, నీ కంపెనీ మారిందని రిజైన్ చేశాను. ఇక్కడికొచ్చి మళ్ళీ కాంట్రాక్టర్ దగ్గర్నుంచి మొదలెట్టాను. మూడుసార్లలో ఒక్కసారైనా నేను చెట్టు నాటానా, నీకు అడ్డంగా?"

గొట్టం లోంచి నీళ్ళు నా బూట్లలోకి పోతున్నాయి.

"ఊళ్ళో వాళ్ళందరికీ నేను పనికొచ్చాను. నీకే కనబడలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు," అని లోపలికి వెళ్ళింది.

తప్పు జితేందర్‌ది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?

మే 11, ఆదివారం

నీళ్ళు పోశాను.

మే 12, సోమవారం

నీళ్ళు పోశాను.

మే 13, మంగళవారం

వాన. అయినా నీళ్ళు పోశాను. ఇంట్లో కూర్చోవడం కంటే నయం.

మే 31, శనివారం

పక్షుల వల కొందామని నర్సరీకి వెళ్ళి, నా ప్లమ్‌ల గురించి గొప్పగా చెప్పాను. రెండూ ఫస్ట్ ర్యాంకే అన్నాను. క్యారల్ నవ్వడం మొదలెట్టి, కౌంటర్ పట్టుకుని నవ్వింది.

అంటుకట్టిన మొక్కలన్నీ ఒకే తల్లి కొమ్మ నుంచి వస్తాయట. కాబట్టి నా పెరట్లో ఉన్నవి రెండు ప్లమ్ చెట్లు కావు, ఒకే చెట్టు రెండుసార్లు. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పనికిరాదు. అవి ఎదురెదురుగా నిలబడి ప్రతి వసంతం పువ్వులు పూసి, ఒక్క కాయ కూడా కాయకుండా నూరేళ్ళు బతకగలవు. హస్కాప్‌లదీ అదే కథ. వేరే రకం ఒకటి పక్కన ఉండాలి. రుచిలో నాసిరకమైనా పర్వాలేదు, వేరేదై ఉంటే చాలు.

"ఆ కౌంటర్ మీద కాగితం పెట్టిన రోజే చెప్పేదాన్ని, నువ్వు అడగలేదు. నీకన్నీ తెలుసనిపించింది," అంది.

షీట్‌లో ఇంకో గడి చేర్చాను: తోడు కావాలా. తొమ్మిదో ర్యాంకు ప్లమ్ ఒకటి, ఆరో ర్యాంకు హస్కాప్ ఒకటి తెచ్చి నాటాను. ఆ ప్లమ్ చూడ్డానికి బక్కగా ఉంది. ఇంటి అల్లుడిలా దాన్ని మధ్యలో పెట్టాల్సి వచ్చింది.

హాసిని ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. మూడో ఏడు చదువుతోంది, వేసవికి కూడా యూనివర్సిటీలోనే ఉంది.

"నాన్నా, దట్స్ సో యూ. టాపర్స్ ఓన్లీ ఆర్చర్డ్," అంది. తర్వాత, "అమ్మకి సారీ చెప్పావా?" అంది.

చెట్ల గురించి మాట్లాడుతుంటే ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే.

జూన్ 21, శనివారం

షీట్ తెరిస్తే పదిహేనో వరస ఉంది. నేను వేసింది కాదు. ఎక్కడికీ పోకుండా ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

రకం: చాముండేశ్వరి.
చలికి ఓర్పు: పదకొండు చలికాలాలు, ఇంటి లోపల కూడా.
మారిస్తే తట్టుకుంటుందా: మూడుసార్లు తట్టుకుంది. వేళ్ళకి మట్టి కూడా లేకుండా.
కాపుకి ఎన్నేళ్ళు: ఇరవై రెండు.
చాకిరీ: చేసేదా, చేయించుకునేదా? గడి సరిగ్గా రాయి.
తోడు కావాలా: ఉంటే మంచిదే. లేకపోయినా కాస్తుంది.
రుచి దగ్గర ఏం రాయలేదు. మార్కుల దగ్గర 'నువ్వు వేయకు' అని ఉంది.

మూడుసార్లు చదివాను. కోపం వచ్చింది. ఎంత కోపమంటే, ఫార్ములా ఆ వరసకి కూడా లాగి చూశాను. కాపుకి ఎక్కువ ఏళ్ళు పట్టినందుకు నా లెక్క ప్రకారం ఆవిడకి మొదటి ర్యాంకు వచ్చింది. పియర్‌ని దాటేసింది.

ఆ వరస తీసేయలేదు. తీసేస్తే చూసినట్టు తెలిసిపోతుంది.

జూలై 5, శనివారం

అట్టపెట్టెలు వచ్చాయి. చాముండి పుస్తకాలు సర్దుతోంది. నేను పియర్ చుట్టూ చెక్క పొట్టు సర్దుతున్నాను. కిటికీలోంచి ఒకర్నొకరు చూసుకుని, ఇద్దరం పనిలో ఉన్నట్టు నటించాం. ఆవిడ నిజంగానే పనిలో ఉందేమో.

ఆగస్టు 2, శనివారం

వెళ్ళింది. పొద్దున్న ఏడింటికి.

హాసిని వచ్చింది, ఇద్దరూ వంతులేసుకుని డ్రైవ్ చేస్తారట, మూడు రోజులు. నేనూ వస్తానన్నాను, దింపి రావడానికి. "వాటర్ ఎవరు పోస్తారు నాన్నా?" అంది హాసిని. ఆ పిల్ల వెటకారం తల్లి పోలిక. నేను నిజంగానే ఆలోచించాను. మొదటి వేసవిలో వారానికి చెట్టుకి పది గ్యాలన్లు తప్పనిసరి. ఆ మాటే చెప్పాను.

చాముండి కారెక్కే ముందు పెరట్లోకి వెళ్ళి అన్నీ ఒకసారి చూసి వచ్చింది. "బక్క ప్లమ్ బాగుంది," అంది. అంతే.

కారు మలుపు తిరిగాక కూడా డ్రైవ్‌వేలో నిలబడ్డాను. ఎదురింటాయన చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఆయన ఏమనుకున్నాడో గానీ నాకు మాత్రం నా పెరట్లోని ఒకే రకం ప్లమ్‌లు రెండూ గుర్తొచ్చాయి, ఎదురెదురుగా.

ఆగస్టు 23, శనివారం

నేను వెళ్ళలేకపోవడానికి కారణాలు. ఒకటి, నీళ్ళు. రెండు, నీళ్ళు.

సెప్టెంబరు 7, ఆదివారం

జితేందర్ మనసులో ఆ రోజు సంగతి ఉండిపోయినట్టుంది. చెప్పా పెట్టకుండా వచ్చి, ప్రతి చెట్టు మొదట్లో చిన్న గొట్టాలు పెట్టి, కుళాయికి టైమర్ బిగించి, నా ఫోన్‌లో యాప్ వేసి పోయాడు.

"ఇగ నువ్వు ఎక్కడున్నా ఫోన్ కెల్లి నీళ్ళు పెట్టొచ్చన్నా. పెరట్ల నిలబడే పనే లేదు. వదిన దగ్గరికి పోయిరా."

ఇలాంటి స్నేహితులుంటే శత్రువుల ఖర్చు ఉండదు. రెండు కారణాలూ ఒక్క మధ్యాహ్నంలో పోయాయి. అయినా యాప్‌ని నమ్మలేం కదా. పొద్దున్నే వెళ్ళి మట్టిలో వేలు పెట్టి చూస్తున్నాను. తడిగానే ఉంటోంది. తడిగా ఉండడం ఒక్కటే సరిపోదు.

సెప్టెంబరు 28, ఆదివారం

చాముండి ఆదివారాలు ఫోన్ చేస్తుంది. వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో దానిమ్మ చెట్టు ఉందట, ఎవరూ వేయకుండానే కాయలు రాలుతున్నాయట. ఆఫీస్‌లో అందరూ 'చామ్' అంటున్నారట. వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ అట.

"ఎండ తట్టుకోలేకపోతున్నావా?" అన్నాను, ఆశగా.

"బాగుంది. ఎముకల్లో ఉన్న చలి పోతోంది," అంది.

నేను నేనెలా ఉన్నానో చెప్పాను. అంటే ఆపిల్ ఆకుల మీద మచ్చల గురించి చెప్పాను.

అక్టోబరు 25, శనివారం

ఆకులన్నీ రాలిపోయాయి. మూడో కారణం దొరికింది, కుందేళ్ళు. చలికాలం తిండి దొరక్క అవి లేత చెట్ల బెరడు చుట్టూ కొరికేస్తాయి. చుట్టూ కొరికితే చెట్టు చచ్చినట్టే. చెట్టు చుట్టూ కట్టే ఇనుప జాలీ కొనడానికి క్యారల్ దగ్గరికి వెళ్ళి, శీతాకాలమంతా రోజూ కాపలా కాయాలేమో కదా అన్నాను.

"జాలీ కట్టు, రెండడుగుల ఎత్తు. మంచు పడితే దాని మీద నిలబడి కొరుకుతాయి కాబట్టి ఇంకో అడుగు వేసుకో. అయిపోయింది. ఇక ఏప్రిల్ దాకా ఈ చెట్లకి నువ్వు అక్కర్లేదు," అంది.

"ఏదో ఒక పని ఉంటుంది కదా?"

"అవి నిద్రపోతాయి. నువ్వు కిటికీలోంచి చూసినా చూడకపోయినా వాటికి ఒకటే." కళ్ళద్దాలు పైకి తోసి నన్ను చూసింది. "నీ భార్య ఎక్కడ ఉందన్నావు?"

ఎప్పుడన్నానో గుర్తులేదు. చాముండి లేని సంగతి అందరికీ చెప్తున్నట్టున్నాను, తనకి తప్ప.

నవంబరు 1, శనివారం

జాలీలు కట్టేశాను. పదింటికల్లా పని అయిపోయింది. చేయడానికి ఏమీ లేదు.

ఇది తోట పుస్తకం అని మొదట్లో రాశాను. తిరగేసి చూస్తే తోట గురించి నాలుగు పేజీలు లేవు. సరే, రాస్తాను.

నాకు భయం. చాండ్లర్ ఎండకి కాదు. అక్కడ నేను ఎవర్ని? డైరెక్టర్ చామ్ గారి భర్తని. ఆవిడ ఆఫీస్ పార్టీలో చేతిలో గ్లాసు పట్టుకుని గోడ పక్కన నిలబడేవాణ్ణి. ఎవరైనా వచ్చి, మీరేం చేస్తుంటారని మర్యాదకి అడిగి, జవాబు పూర్తయ్యే లోపు వేరే వాళ్ళ వైపు తిరిగే మనిషిని. ఆ గోడ పక్కన చాముండి హెర్న్‌డన్‌లో ఆరేళ్ళు నిలబడింది. నేను గది మధ్యలోంచి చూసేవాణ్ణి. ఆవిడకి బాగానే ఉందనుకునేవాణ్ణి, నవ్వుతూ ఉండేది కాబట్టి.

బాగాలేదని నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఇప్పుడు నా వంతు వస్తే ఎనిమిదేళ్ళకి కాసే చెట్టు నాటాను. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. వంగకపోతే విరుగుతుంది, అది ఎవరూ చెప్పరు.

నవంబరు 9, ఆదివారం

ఫోన్ ఆవిడ చేయకముందే నేను చేశాను.

"నేను వస్తాను," అన్నాను.

"థాంక్స్‌గివింగ్‌కా? హాసిని కూడా వస్తానంది."

"కాదు. ఉండటానికి."

"మరి చెట్లు?" అంది.

"ఏప్రిల్ దాకా నేను అక్కర్లేదని క్యారల్ చెప్పింది."

"అంటే చెట్లు వద్దన్నాయని నా దగ్గరికి వస్తున్నావా?"

కాదు అనడానికి నోరు తెరిచాను. అబద్ధం ఆడకూడదని పది నిమిషాల ముందే అనుకున్నాను కాబట్టి మూసుకున్నాను.

"చాముండీ, రిమోట్ సంగతి దాచడం తప్పు. నీకు అడ్డం పడదామనే దాచాను."

"తెలుసు."

"సారీ."

"పద్మనాభం," అంది. తర్వాత ఏదో అనబోయి, "స్టవ్ మీద పప్పు ఉంది," అని పెట్టేసింది. నిజంగా పప్పు ఉందో లేదో తెలీదు. పూర్తి పేరు పిలిచింది గానీ కోపంగా లేదు. ఏంటో అర్థం కాలేదు. అర్థం కానిదానికి మార్కులు వేయలేం.

నవంబరు 30, ఆదివారం

ఇల్లు జితేందర్ చూసుకుంటానన్నాడు. హీటర్ ఆపొద్దు, పైపులు గడ్డకడతాయని నాకే క్లాసు పీకాడు. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాను, చాముండికి మెసేజ్ పెట్టాను. తల్లీకూతుళ్ళు పండక్కి కలిసే ఉన్నారు, నన్ను పిలవలేదు. పండక్కి వస్తే చుట్టంగా వచ్చినట్టు ఉంటుందని నేనూ అడగలేదు.

పెరట్లో మొదటి మంచు. చెట్లు పుల్లల్లా ఉన్నాయి. ఏది ఏ ర్యాంకో గుర్తుపట్టలేకపోయాను.

డిసెంబరు 4, గురువారం. చాండ్లర్

బుధవారం సాయంత్రానికి చేరాను. చాముండి తలుపు తీసి, "తిన్నావా?" అంది. పప్పు, వంకాయ కూర చేసింది. ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్. గోడల నిండా ఆవిడ పుస్తకాలు. హాల్లో సోఫా మీద దుప్పటి, దిండు మడత పెట్టి ఉన్నాయి. ఎవరికని నేను అడగలేదు.

ఇవాళ ఆవిడ లంచ్‌కి వచ్చినప్పుడు ఇద్దరం కింద అద్దె ఒప్పందాలు చూసే లీజింగ్ ఆఫీస్‌కి వెళ్ళాం. మూడు రాత్రులు దాటి ఉండే పెద్దవాళ్ళు ఎవరైనా సరే, లీజులో పేరు ఎక్కించాలట. కౌంటర్ దగ్గర హాసిని వయసు అమ్మాయి. నేను అలవాటుగా ముందుకెళ్ళి నా లైసెన్స్ తీసి, మేం ఇద్దరం ఇక్కడ ఉంటాం, ఏం కావాలో చెప్పమన్నాను.

ఆ అమ్మాయి నా లైసెన్స్ ముట్టుకోలేదు. నా పక్కనుంచి చాముండి వైపు చూసి, "మిస్ చామ్, ఈయన మీ గెస్టా, లేక యాడ్ చేయాలా?" అని అడిగింది.

ఇరవై రెండేళ్ళలో నేను ఏ కౌంటర్ దగ్గరా పక్కకి జరగలేదు. వీసా ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, స్కూల్ అడ్మిషన్లలో, ఇల్లు కొన్నప్పుడు కూడా, మాట్లాడేవాణ్ణి నేనే. చాముండి వెనక ఫైలు పట్టుకుని నిలబడేది. ఇవాళ జరిగాను. నాకు తెలియకుండానే ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ నా చేతిలో ఉంది.

అమ్మాయి ఫారం తీసింది. నా వివరాలు నేను నింపాను. అన్ని గడులూ నింపాను, ఒక్కటి మాత్రం నాది కాదు. అడుగున, లీజు ఎవరి పేరున ఉందో వాళ్ళ అంగీకారం, సంతకం.

చాముండి ఫారం తీసుకుంది. చదివింది. తిప్పి వెనక పేజీ కూడా చదివింది. ఎంత నిదానంగా చదివిందంటే, ఈలోగా గోడ మీది రూల్స్ అన్నీ నేను చదివేశాను. అక్కడ పెన్ను ఉంది. ఆవిడ దాని వైపు చూడలేదు. ఫారం నాలుగు మడతలు పెట్టి, నా చేతిలోంచి హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని, అందులో పెట్టుకుంది.

"సంతకం?" అన్నాను.

"ఆలోచించుకుని సోమవారం చెప్తాను," అంది. మెత్తగానే అంది. "లంచ్ అవర్ అయిపోయింది. కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకో," అని కారెక్కి వెళ్ళిపోయింది.

నాకు కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడి చూశాను.

కౌంటర్ అమ్మాయి జాలిపడి గెస్ట్ పార్కింగ్ కార్డు ఒకటి ఇచ్చింది, కారు అద్దానికి తగిలించుకోమని. మీద తేదీ వేసి ఉంది. ఆదివారం దాకా చెల్లుతుంది.